పక్కవాద్యం పేరు



నా వెనక కట్టిన బ్యానరు మీద మా గురువుగారి పేరు మూరెడేసి అక్షరాల్లో ఉంది. బతికుండగా ఆయన తన పేరు ఇంత పెద్దగా చూసుకోలేదు. నలభై ఏళ్లు వయొలిన్ వాయించారు. అందులో ముప్పాతిక భాగం పక్కవాద్యమే. ఆయన పోయిన ఏడాదికి వాళ్లింట్లో అటక మీది ట్రంకుపెట్టె దించి క్యాసెట్లు సర్దుతుంటే ఒకటి నా చేతికొచ్చింది. అట్ట మీద గాయకుడి ఫొటో, పేరు, కీర్తనల వరస, కంపెనీ చిరునామా, ధర అన్నీ అచ్చయ్యాయి. వాయించినవాళ్ల పేర్లు లేవు. లోపలి మడతలో పెన్సిలుతో గురువుగారి చేతిరాత: ‘వయొలిన్ - నేను’. దాని కింద మృదంగం వాయించినాయన పేరు, ఇంటిపేరుతో, ఊరితో సహా. ఆ కింద ‘ఘటం’ అని రాసి, ఒక గీత గీసి, ఖాళీగా వదిలేశారు.

ఇవాళ ఆ ఖాళీ గురించి మాట్లాడదామని వచ్చాను.

మన దేశంలో రికార్డు మీద పేరు మర్యాద కోసం కాక అవసరం కోసం మొదలైంది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చి రికార్డింగులు చేశాడు. గౌహర్ జాన్ పాట ముగిస్తూనే తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. రికార్డులు తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలిగా! ఆ గొంతు, ఆ పేరు నేటికీ వినిపిస్తున్నాయి. వెనక వాయించినవాళ్లకు మాత్రం ఆ ఒక్క క్షణం దక్కలేదు.

సినిమాల్లో పాడినవాళ్లకే గతి లేని రోజులుండేవి. 1949లో ‘మహల్’ పాట రికార్డు మీద గాయనిగా ‘కామిని’ అని వేశారు. కామిని ఆ సినిమాలో మధుబాల వేసిన పాత్ర! ఎవరీ గాయని అని శ్రోతలు రేడియోకు ఉత్తరాలు రాస్తే, రేడియోవాళ్లు కంపెనీని అడిగి లతా మంగేష్కర్ పేరు చెప్పారు. ఉత్తరం రాసిన ఆ శ్రోతలంటే నాకు ఎంతో గౌరవం. ఈ చరిత్రలో న్యాయం అడిగిన మొదటివాళ్లు వాళ్లే అనిపిస్తుంది.

ఇక పిలిస్తే వచ్చి ఒక్క పాటకు వాయించి వెళ్లే అతిథి సంగతి. దీనికి బీటిల్స్ రికార్డులను మించిన పాఠం లేదు. 1966లో ‘రివాల్వర్’ అట్ట మీద తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు వేశారు. మరుసటి ఏడు ‘సార్జెంట్ పెప్పర్స్’లో జార్జ్ హారిసన్ పాటకు లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ నుంచి వచ్చి దిల్‌రుబా, తంబురా, తబలా వాయించిన మనవాళ్ల పేర్లు వేయలేదు. వాళ్లెవరో తేలడానికి దశాబ్దాలు పట్టింది. 1968లో హారిసన్ పాటకే గిటార్ వాయించిన ఎరిక్ క్లాప్టన్ పేరూ అట్ట మీద లేదు. 1969లో ‘గెట్ బ్యాక్’ రికార్డు మీద మాత్రం బీటిల్స్ పక్కనే బిల్లీ ప్రెస్టన్ పేరు అచ్చయింది. ఒకే బృందం, మూడేళ్లలో ఇన్ని తీర్లు! క్లాప్టన్‌కు పేరు లేకున్నా లోటు రాలేదు, లోకమంతా ఆయన్ని ఎరుగును. దిల్‌రుబా వాయించినవాళ్లకు ఆ అట్ట మీది అక్షరాలే ఆధారం.

మన దగ్గరా అంతే. ‘సిరివెన్నెల’లో వేణువు హరిప్రసాద్ చౌరాసియాదని ఎవరినడిగినా చెబుతారు. ఆ వేణువు పక్కన మోగిన తక్కిన వాద్యాలు ఎవరివో మనలో ఎంతమంది చెప్పగలం?

చట్టం ఏమంటుందో కాస్త నిదానంగా చూద్దాం. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. కళాకారులకు తమ ప్రదర్శన మీద హక్కులు 1994 సవరణతో వచ్చాయి. ఇది నేను చేసిన ప్రదర్శన అని గుర్తింపు కోరే హక్కు 2012లో, 38బి సెక్షనుగా వచ్చింది. సంతోషమే. కానీ అదే చట్టంలో 52ఎ సెక్షను ఉంది. రికార్డు మీద, దాని అట్ట మీద తప్పనిసరిగా వేయవలసినవేమిటో అది చెబుతుంది: తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట వెలువడిన సంవత్సరం. అంతే. పాడినవారు, వాయించినవారు ఆ జాబితాలో లేరు. గురువుగారి క్యాసెట్ మీద కంపెనీ చిరునామా ఎందుకుందో, ఆయన పేరు ఎందుకు లేదో నాకు అప్పుడు అర్థమైంది.

2012 సవరణలోనే ఇంకో మెలిక ఉంది. సినిమాలో ఒకరి పాత్ర యాదృచ్ఛికమో ఆనుషంగికమో అయి, అలాంటివారి పేరు ఎక్కడా వేయకపోవడం పరిశ్రమలో ఆనవాయితీ అయితే, వారిని చట్టం కళాకారులుగా లెక్కించదు. తమ ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుపడే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది. అంటే పేరు ఎగ్గొట్టడం అలవాటైపోతే, ఆ అలవాటే హక్కును తినేస్తుంది. కాల్షీటుకు వచ్చి, రెండు గంటలు వాయించి, కవరు తీసుకుని వెళ్లిపోయే మనిషిని ఆ మాట ఎక్కడ నిలబెడుతుందో ఆలోచించండి.

మనకు మంచి ఆనవాయితీ లేకపోలేదు. ఆకాశవాణిలో కచేరీకి ముందు, తరవాత వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు అని పేరుపేరునా చెబుతారు. చిన్నప్పుడు గురువుగారి పేరు రేడియోలో వినిపిస్తే వీధిలో పిల్లలం కేకలు పెట్టేవాళ్లం. ఇప్పుడు ఫోనులోని యాప్‌లో చోటుకు కరువు లేదు, పాతిక పేర్లయినా పడతాయి. అయినా పేరున్న అతిథికి ‘ఫీచరింగ్’ అని పాట పక్కనే చోటిస్తారు. మిగిలినవాళ్ల పేర్లు కంపెనీకి అందనే అందవు. ఎందుకంటే వాటిని ఎవరూ రాసిపెట్టరు. స్టూడియోలో మైకు పెట్టిన రోజునే, డబ్బు లెక్కలు రాసే కాగితం మీదే వాద్యం, పేరు, ఊరు రాయించండి. పాడే విద్వాంసులు పట్టుబడితే ఇది రేపటి నుంచే జరుగుతుంది. మా గురువుగారంతటివారికే పక్కనున్న మనిషి పేరు కొన్నేళ్లకు గుర్తు రాలేదు.

ఆ క్యాసెట్ తెచ్చాను. సభ ముగిశాక రెండో వైపు చివర ఉన్న తని ఆవర్తనం వినిపిస్తాను. మిశ్రచాపు. మృదంగం వదిలాక ఘటం ఒంటరిగా అందుకుంటుంది, ఎడమచేతి గుంకీ చాలా లోతుగా ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదో గుర్తుపట్టగల పెద్దలు ఈ సభలో ఉంటే, దయచేసి నాతో చెప్పి వెళ్లండి. పెన్సిలు నా జేబులోనే ఉంది.