తాళముచెవి యెవరి చేతిలో?

విశాఖ రేవున దిగి, లారీలపై గిడ్డంగులకును, అచటనుండి గనులలో బండలు పగులగొట్టు మందుగుండు తయారీకిని బోవు అమ్మోనియం నైట్రేటును గూర్చి నేడు రెండు మాటలు విన్నవింపదలచితిమి.

2020 ఆగష్టు 4వ తేదీన లెబనాను దేశపు బీరూట్ రేవునందు ఈ పదార్థమే ప్రేలి రెండువందలకు పైగా ప్రాణములను బలిగొన్నది. అచట తొలుత నిలువచేసినది 2,750 టన్నులు; ప్రేలినది సుమారు 552 టన్నులే యని అమెరికా దర్యాప్తుసంస్థ యగు ఎఫ్.బి.ఐ. అంచనా వేసినది. తక్కినది ప్రేలుడులో సముద్రముపాలైనదో, ముందే దొంగలపాలైనదో! నిలువకు సరియైన లెక్క యుండినచో ఈ సందేహమునకు తావుండెడిదా?

గోడ దూకి వచ్చు దొంగకు తాళము చాలును. తాళముచెవి గలవాడే దొంగయైనచో నేమి చేయుదుము? మన దేశమున 2012 నాటి నిబంధనలు లైసెన్సును, నిలువల లెక్కను విధించినవి. కాని తూచువాడు, లెక్క వ్రాయువాడు, తాళము వేయువాడు ఒక్కడే యైనచో చట్టము కాగితముపైననే నిలుచును. ఈ మూడు పనులను ముగ్గురి కప్పగింపవలెను. బయలుదేరిన తూకమును చేరిన తూకముతో ఆనాడే సరిచూడవలెను. తరుగును బయటపెట్టిన గుమాస్తాకు ఉద్యోగభయము లేకుండవలెను. అనుమానమంతయు కూలివానిపై మోపి యజమానిని విడుచుట న్యాయముగాదు. తనిఖీ అందరికిని ఒక్కటే కావలెను.

మనుష్యుని నమ్ముట తప్పుగాదు. ఆ నమ్మకమునకు లెక్క తోడుండవలెననియే మా మనవి.