పొగ వాసన బీరు: చలికాలంలో బాంబెర్గ్ డే ట్రిప్

ఈ ఎపిసోడ్ జర్మనీలో చదువుకుంటున్న, జాబ్ చేస్తున్న మనవాళ్లకి బాగా పనికొస్తుంది. బీరు గురించే మాట్లాడతాను కాబట్టి తాగనివాళ్లు ఏమీ అనుకోకండి. తిండి సంగతి కూడా ఉంది.

న్యూరెంబర్గ్‌లో ఉన్న మా ఫ్రెండ్ దగ్గరికి డిసెంబర్‌లో వెళ్లినప్పుడు, ఒక రోజు ఇద్దరం బాంబెర్గ్ వెళ్లొచ్చాం. అక్కణ్ణుంచి సుమారు 60 కిలోమీటర్లు, రీజనల్ ట్రైన్‌లో గంటలోపే. కారు వద్దు, తాగడానికి వెళ్తూ స్టీరింగ్ ఎందుకు? పొద్దున్నే బయల్దేరండి. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగుంపావు దాటితే చీకటి పడిపోతుంది. పాత ఊరు మొత్తం 1993 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. నది మధ్యలో కట్టిన పాత టౌన్ హాల్ ఫొటోలు మీరు రీల్స్‌లో చూసే ఉంటారు, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

అసలు విషయం రౌఖ్‌బియర్. రౌఖ్ అంటే పొగ. గ్లాసు ముక్కు దగ్గరకి తేగానే వాసన వచ్చేస్తుంది. చాలామంది పొగబెట్టిన పంది మాంసంలా ఉందంటారు. నాకైతే నిప్పుల మీద కాల్చిన వంకాయ తొక్క తీస్తుంటే వేళ్లకి అంటుకునే వాసన గుర్తొచ్చింది. మా ఫ్రెండ్ మొదటి గుక్కకే మొహం అదోలా పెట్టాడు. మూడోది తాగేసరికి అలవాటవుతుందని అక్కడివాళ్లే అంటారు. వాడికి రెండోదానికే అలవాటైంది, అది వేరే విషయం.

ఈ పొగ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫ్లేవర్ కలిపారేమో అనుకోకండి. మన ఇంట్లో రాగి మాల్ట్ ఎలా చేస్తారు? రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పడతారు. బీరుకి బార్లీతో మొదలయ్యే పనీ అదే. కాకపోతే మనకి ఎండ ఉంది, వాళ్లకి చలి, తేమ. అందుకని మొలకల్ని మంట వేడికి ఆరబెట్టేవాళ్లు. కట్టెలు కాలితే పొగ రాదా? అంటే ఒకప్పుడు చాలా బీర్లకి ఎంతోకొంత పొగ వాసన ఉండేదన్నమాట. తర్వాత పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే బట్టీలు వచ్చాయి. ఖర్చు తక్కువ, రుచి శుభ్రం. దాదాపు అందరూ అటే వెళ్లిపోయారు. బాంబెర్గ్‌లో మాత్రం ష్లెంకెర్లా, స్పెట్సియాల్ అనే రెండు చోట్ల ఇప్పటికీ బీచ్ కట్టెల పొగ మీదే మాల్ట్ ఆరబెడుతున్నారు. మొదటిది 1405 నుంచి, రెండోది 1536 నుంచి రికార్డుల్లో ఉంది.

నా సలహా ఏంటంటే, స్టేషన్ నుంచి నడిచొస్తుంటే ముందు స్పెట్సియాల్ తగులుతుంది, అక్కడే మొదలెట్టండి. పొగ కాస్త తక్కువ. తర్వాత నది దాటి ష్లెంకెర్లాకి వెళ్లండి. అక్కడ చెక్క పీపాకి కుళాయి బిగించి నేరుగా గ్లాసులోకి వంచుతారు. మామూలు మెర్ట్‌సెన్ రకం 5.1 శాతం. క్రిస్మస్ రోజుల్లో ఓక్ కట్టెల పొగతో చేసేది 8 శాతం, దాంతో జాగ్రత్త. బల్లలు అందరివీ. ఖాళీ ఉంటే అడిగి పక్కన కూర్చోవడమే.

తిండిలో నాకు నచ్చింది బాంబెర్గ్ ఉల్లిపాయ. పెద్ద ఉల్లిపాయ లోపల తొలిచి, పంది కీమా కూరి, ఓవెన్‌లో కాల్చి, పొగ బీరుతో చేసిన సాస్ పోస్తారు. మన గుత్తి వంకాయకి దూరపు చుట్టం అనుకోండి. ఉల్లి ఆకుల్ని కాళ్లతో తొక్కితే గడ్డ బాగా ఊరుతుందని ఇక్కడి తోటవాళ్లు అలా చేసేవాళ్లట, అందుకే ఊరివాళ్లకి ‘ఉల్లి తొక్కేవాళ్లు’ అని ముద్దుపేరు. కర్నూలువాళ్లు వింటున్నారా? శాకాహారులకి మాత్రం ఛాయిస్ తక్కువ, ముందే మెనూ చూసుకోండి.

అక్కడ కూర్చుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. గ్యాస్ వచ్చాక పప్పులో ఆ రుచి పోయిందని మా ఇంట్లో మగవాళ్లంతా అంటారు. అమ్మమ్మ ఒక్కసారి కూడా అనలేదు. ఊదుగొట్టం పట్టుకుని కళ్లు మండించుకున్నది ఆవిడ కదా! బాంబెర్గ్‌లో పొగ మాల్ట్‌కి పడుతుంది, దానికి మనం డబ్బులిస్తాం. మన ఇళ్లలో ఆ పొగ ఒక మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది. అందుకే ‘పాత రుచులే గొప్ప’ అని నేను ఈ వీడియోలో అనట్లేదు. బీరు బాగుంది, అంతే.

తిరుగు ట్రైన్ టైమ్ ముందే చూసి పెట్టుకోండి, రెండో గ్లాసు తర్వాత యాప్‌లో ప్లాట్‌ఫామ్ నంబర్ వెతకడం కష్టం. మీ ఇంట్లో కట్టెల పొయ్యి మీద వండింది ఎవరు, వాళ్లేమంటారో అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. బై!