చీనీ తోట కెమెరా, రౌటర్‌లో పోర్టు

అనంతపురం జిల్లాలో చీనీ తోట రైతు కన్నెప్పుడూ బోరు మోటారు మీదే, కేబుల్ వైరు మీదే. దొంగలు వాటిని ఎత్తుకుపోతారన్న భయంతోనే కెమెరాలు పెట్టుకుంటున్నారు. 2017 డిసెంబరు 27న ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమయ్యాక పల్లెలకూ ఫైబర్ చేరుతోంది. అయితే ఇంట్లో కనిపించే కెమెరా బొమ్మ, ఊరు దాటితే ఒక్కోసారి కనిపించదు.

ఎందుకంటే, ఇంట్లో పరికరాలెన్ని ఉన్నా బయటికి కనిపించే ఐపీ అడ్రస్ ఒక్కటే. బయటి నుంచి వచ్చిన పిలుపు ఎవరికో తెలియక రౌటర్ ఆపేస్తుంది. ఫలానా పోర్టుకు, అంటే ఫలానా నంబరు తలుపుకు, వచ్చింది ఫలానా పరికరానికి పంపమని చెప్పడమే పోర్టు ఫార్వర్డింగ్.

ముందు కెమెరా రికార్డరుకు 192.168.1.50 లాంటి మారని అడ్రస్ ఇవ్వండి. రౌటర్ సెట్టింగుల్లో ఆ అడ్రస్, రికార్డరు వాడే పోర్టు నంబరు రాసి సేవ్ చేయండి. మొబైల్ డేటాతో పరీక్షించండి.

అయినా రాలేదా? రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్, చూడండి. అది 10తో గానీ, 100.64 నుంచి 100.127 లోపు గానీ మొదలైతే, ఒకే అడ్రస్‌ను చాలా ఇళ్లు పంచుకుంటున్నట్టు. అప్పుడు ఇంటర్నెట్ కంపెనీని పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరగల అడ్రస్, అడగాల్సిందే.

తెరిచిన పోర్టు దొంగకూ కనిపిస్తుంది. 2016లో మిరాయ్ అనే వైరస్ తయారీ కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు మార్చని కెమెరాల లాంటి పరికరాలను లొంగదీసుకుంది. కాబట్టి ముందు పాస్‌వర్డు మార్చండి, తర్వాతే పోర్టు తెరవండి.