పీత కష్టాలు



"సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అన్న సామెత తెలియని తెలుగువారు అశోక్ చౌక్‌లో ఉండరు. సీత కష్టాలు లోకవిదితమే. పీత కష్టాలేమిటని విచారించినవారే అరుదు.

సముద్రపు పీత ఒక్కసారికి లక్షల గుడ్లు పెడుతుంది. వాటినుండి వెలువడే సూక్ష్మ డింభకాలు కెరటాలపై తేలుతూ దూరతీరాలకు చేరుతాయి. పొలంగట్లలో బొరియలు తవ్వుకొనే మంచినీటి పీతకు, అంటే మన ఎండ్రకాయకు, ఆ సదుపాయం లేదు. దాని గుడ్లు పదులలోనో వందలలోనో ఉంటాయి. డింభకదశ గుడ్డులోనే ముగిసి, సంపూర్ణ రూపం గల పిల్ల బయటికి వస్తుంది. ఆ పిల్లలను తల్లి కొన్నాళ్లు పొట్టకింది మడతలో దాచి మోస్తుంది. పీతలు ఒకదానినొకటి కిందికి లాగుకొంటాయని బుట్ట కథ చెప్పి నవ్వేవారు ఈ సంగతి చెప్పరు.

నీటిలో కొట్టుకొనిపోయే డింభకం లేనందున ఈ పీత పుట్టిన వాగును దాటి దూరం పోలేదు. అందుచేత కాలక్రమాన ఒక్కొక్క కొండకు, ఒక్కొక్క లోయకు వేరువేరు జాతులు ఏర్పడ్డాయి. అట్టి జాతి నివసించే వాగు చెడితే దానికి లోకంలో మరొక చోటు లేదు.

సోలాపురానికి తాగునీరిచ్చే ఉజని జలాశయం భీమానదిపై ఉన్నది. ఆ భీమ పుట్టినది సహ్యాద్రిలో. ఆ పర్వతశ్రేణిలోనే, చెట్టుతొర్రలలోను రాతిపగుళ్లలోను నివసించే రంగురంగుల చిన్న పీతలకు 2014లో శాస్త్రజ్ఞులు "ఘాటియానా" అనే కొత్త ప్రజాతిని ఏర్పరచారు. 2016లో పడమటి కనుమలనుండి మరి ఐదు కొత్త పీతజాతులను వర్ణించారు. పేరు పెట్టి పదేండ్లు కాకమునుపే కొన్నింటి ఉనికికి ముప్పు రాగల కాలమిది. మంచినీటి పీతలు, రొయ్యలు, వాటి బంధువర్గంలో సుమారు 30 శాతం జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2025లో వెలువడిన ప్రపంచస్థాయి పరిశీలన తెలిపింది.

నగరం మధ్య ఇట్టి జీవిని కాపాడటం సాధ్యమా? సింగపూరును చూడవచ్చు. 1986లో శాస్త్రలోకానికి పరిచయమైన అక్కడి పీత ఆ దీవిలోని కొద్దిపాటి వాగులలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. నగరాధికారులు, విశ్వవిద్యాలయం, జంతుప్రదర్శనశాల కలిసి దానిని పెంచి, పిల్లలను తగిన వాగులలో విడిచారు. వాగునీటి ఆమ్లత్వాన్ని కూడ గమనించారు. బొటనవేలంత ప్రాణికి ఇంత శ్రమ!

అశోక్ చౌక్ అద్దకపు నీరు సహ్యాద్రి శిఖరాలకు ఎక్కదు, నిజమే. అది పల్లానికే పోతుంది. చాదర్లకు, తువ్వాళ్లకు వేసిన రంగు, క్షారం, ఉప్పు శుద్ధికాకుండ వానకాలువలో పడితే ముందు దెబ్బతినేవి కాలువ అడుగున బతికే జీవుల మొప్పలే. పాత పెంకు విడిచి మెత్తగా ఉన్న పీతకు తప్పించుకొనే దారి కూడ ఉండదు. సోలాపురం భీమా పరీవాహకంలోనిది. ఆ భీమ తెలంగాణ సరిహద్దున కృష్ణలో కలిసి, పాలమూరు, నల్లగొండ నేలలను తాకుతూ సాగుతుంది. ఇక్కడి మగ్గాలవారి తాతముత్తాతలలో ఎందరో విడిచివచ్చిన ఊళ్లు ఆ దిక్కునే ఉన్నాయి.

కార్ఖానా యజమానులు అద్దకపు నీటిని శుద్ధిచేయనిదే వదలరాదు. ఇండ్లలో అద్దకం చేసేవారు మిగిలిన రంగును వానకాలువలో పోయరాదు. వానాకాలంలో చెరువుగట్టున పిల్లలు ఎండ్రకాయను పట్టినప్పుడు, పెద్దవారు దానిని మెల్లగా తిప్పి పొట్టకింద చూడవలెను. అక్కడ గుడ్లుగాని పిల్లలుగాని కనిపిస్తే, పట్టినచోటనే వదలివేయించవలెను.