అప్రెంటీసు ఉద్యోగము కాదు, చదువు



నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తున్నవాడిని. అందుచేత సాహిత్యము జోలికి పోక, మన పిల్లలకు పనికివచ్చే ఒక విషయము మనవి చేస్తాను. రక్షణ కర్మాగారములలో అప్రెంటీసు శిక్షణ గురించి నాలుగు మాటలు.

మన పూర్వులు నాయకరాజుల కాలమునుండి ఈ సీమకు వచ్చి నల్లరేగడి దున్నారు, మగ్గము నేశారు. తరువాతి తరములవారు పత్తిమిల్లులు, పంపులు, మోటార్లు చేపట్టినారు. కోయంబత్తూరు జి.డి. నాయుడుగారికి బడిచదువు అంతంతమాత్రము. హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో మోటారు సైకిలు కొని, ఊడదీసి మరల బిగించి యంత్రముల మర్మము తెలుసుకొన్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపినారు. పీళమేడులో పి.యస్.జి. వారు 1951లో ఇంజనీరింగు కళాశాల పెట్టినప్పుడు దానిని తమ పారిశ్రామికశాల ప్రక్కనే పెట్టినారు. చేతితో చదువుకొనుట మనకు క్రొత్త కాదు.

రక్షణ కర్మాగారములు కూడా మనకు దూరము కావు. మేట్టుపాళయములో కొండరైలు ఎక్కి, కూనూరు, వెల్లింగ్టను దాటితే అరువంకాడు స్టేషను వస్తుంది. అక్కడ కార్డైటు ఫ్యాక్టరీ ఉన్నది. తిరుచినాపల్లిలో 1966లో నెలకొల్పిన ఆయుధ కర్మాగారములో తుపాకులు తయారగుచున్నవి. ఆవడిలో ట్యాంకులు చేస్తారు. 2021 అక్టోబరు 1న ఈ కర్మాగారములు వెనుకటి బోర్డు క్రిందినుండి ఏడు ప్రభుత్వ కంపెనీల క్రిందికి మారినవి. తమిళనాడు రక్షణ పరిశ్రమల కారిడారు 2019లో ప్రారంభమైనప్పుడు దాని ఐదు కేంద్రములలో కోయంబత్తూరును కూడా చేర్చినారు.

ఇక అసలు సంగతి. మా బంధువుల కుర్రవాడొకడు ఒక రక్షణ కర్మాగారములో ఫిట్టరు అప్రెంటీసుగా చేరినాడు. తండ్రి వీధి వీధంతా మిఠాయి పంచి, "మావాడికి సర్కారు ఉద్యోగము వచ్చింది" అన్నాడు. గడువు ముగిసి పిల్లవాడు సర్టిఫికెట్టుతో ఇంటికి వచ్చేసరికి అదే తండ్రి ముఖము చాటువేసుకొన్నాడు. "ఏడాది వృథా అయింది" అన్న మాట ఆ పిల్లవాడి చెవిని పడినది. నెలరోజులు వాడు గడప దాటలేదు. పిల్లవాడు చేసిన తప్పేమున్నది? కాగితము మీద ఏమున్నదో ఇంట్లో ఎవరికీ తెలియకపోవుటే కారణము.

1961 నాటి అప్రెంటీసుల చట్టము ఈ సంగతి స్పష్టముగా చెప్పుచున్నది. అప్రెంటీసు శిక్షణ పొందువాడే గాని కార్మికుడు కాడు. శిక్షణానంతరము పని ఇచ్చి తీరవలెనన్న నిర్బంధము లేదు. తమ వద్ద శిక్షణ ముగించినవారిని తీసుకొనుటకు ప్రతి సంస్థ తన విధానము తానే ఏర్పరచుకోవలెనని 2014 సవరణ చెప్పినది. మా రైల్వేలో తొలి మెట్టు కొలువులలో నూటికి ఇరవై రైల్వే అప్రెంటీసు ముగించినవారికి కేటాయించినారు. ఆ కొలువులకు కూడా పరీక్ష వ్రాయవలసినదే.

మరి లాభమేమి? ఐ.టి.ఐ. ముగించినవారు ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు, వెల్డరు వంటి పనులలో చేరవచ్చును. డిప్లొమావారికి, పట్టభద్రులకు 1973 సవరణతో చోటు దొరికినది. 2019 నిబంధనలలో కనీస భృతి ఐ.టి.ఐ. వారికి నెలకు 7,000, డిప్లొమావారికి 8,000, పట్టభద్రులకు 9,000 రూపాయలుగా నిర్ణయించినారు. భృతికన్న విలువైనది అలవాటు. మిల్లీమీటరులో నూరవవంతు తేడా వచ్చినా తుపాకి భాగము పనికిరాకపోవచ్చును. మైక్రోమీటరు పట్టి కొలుచుట, నకాసు చూచి పనిచేయుట, ప్రమాదపు చోట నియమము తప్పకుండుట అక్కడ చేతికి అబ్బుతాయి. లోపలి సంగతి బయట మాటలాడకుండుట కూడా ఆ చదువులో భాగమే. వ్రాతపరీక్ష, చేతిపని పరీక్ష రెండూ గెలిచిన ఐ.టి.ఐ. వారికి దేశమంతటా చెల్లే జాతీయ అప్రెంటీసు సర్టిఫికెట్టు లభిస్తుంది. ఇందాక చెప్పిన కుర్రవాడు ఇప్పుడు కోయంబత్తూరులోనే ఒక పంపుల వర్కుషాపులో కొలతలు తనిఖీ చేస్తున్నాడు. ఆ కొలతపని నేర్పినది వృథా అన్న ఏడాదే.

తల్లిదండ్రులకు నా మనవి ఇది. చేవ్రాలు చేయకముందు ఒప్పందము చదివించుకొనండి. ఏ పని, ఎంత కాలము, భృతి ఎంత, సర్టిఫికెట్టు ఇచ్చేది ఎవరు, బస ఎక్కడ అని అడగండి. దరఖాస్తు ప్రభుత్వ పోర్టలులోనే పెట్టవచ్చును. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని గుమ్మమెక్కనీయకండి. ఆడపిల్లలకూ ఈ దారి తెరిచియున్నదని మరువకండి.

మన పిల్లలు బడిలో తమిళము చదువుతారు. ఒప్పందము ఇంగ్లీషులో వస్తుంది. ఇంట్లో అమ్మకు, నాయనకు తెలిసినది తెలుగు. ఈ మూటి నడుమ అసలు మాట జారిపోతున్నది. మన సంఘములో వర్కుషాపులలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దలు చాలామంది ఉన్నారు. కోయంబత్తూరులోను, మధురలోను వారు నెలకొక ఆదివారము కూర్చొని, వచ్చినవారికి ఆ కాగితములను మన ఇంటి తెలుగులో చదివి చెప్పవలెనని ప్రార్థిస్తున్నాను. దరఖాస్తులు నింపే గుమాస్తా పని నేను చేస్తాను.