ఉప్పెన ఎంతదాకా వస్తుంది?



మన రాయచూరు జిల్లాకు సముద్రం లేదు. కాని బంగాళాఖాతంలో అల్పపీడనం తెచ్చిన వానలకు 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచింది. పైగా సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. తుపాను కబురు రాగానే వారి మనసు తీరాన ఉన్న అయినవాళ్ల మీదికి పోతుంది. అందుకే ఈ రోజు ఉప్పెన లెక్క గురించి చెప్పుకుందాం.

1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన మాత్రం దివిసీమను తుడిచిపెట్టింది. కారణం ఏమిటంటే, మన తుపాను సుడి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పుతీరం దాటేటప్పుడు దాని దారికి కుడిపక్క, అంటే ఉత్తరం వైపు, గాలి సముద్రపు నీటిని నేలమీదికి తోస్తుంది. దివిసీమ ఆ పక్కనే ఉంది. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. వేలమంది ప్రాణాలు పోయాయి.

ఇప్పుడు ఈ నీటిని కంప్యూటర్ ముందే లెక్క కడుతోంది. మనం పొలాన్ని మడులుగా కట్టినట్టు, సముద్రాన్నీ తీరాన్నీ చిన్న గళ్లుగా విడగొడతారు. ప్రతి గడిలో నీటి లోతు, నేల ఎత్తు, గాలి వేగం, వాయుపీడనం ఎంతో ఇస్తారు. ఏ గడి నుంచి పక్క గడికి ఎంత నీరు పారుతుందో కంప్యూటర్ చెబుతుంది. సముద్రం లోతు తక్కువైన చోట నీరు మరింత ఎత్తు లేస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇలాంటి లెక్కలతోనే ఉప్పెన హెచ్చరికలు ఇస్తోంది.

భూమి వేడెక్కడం ఈ లెక్కను మారుస్తోంది. 1901 నుంచి 2018 లోపల ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడే కదా అనుకోకండి. చదునైన డెల్టాలో ఆ జానెడు నీరు చాలా దూరం లోపలికి పాకుతుంది. అంటే పాత తుపానే మళ్లీ వచ్చినా, ఆనాడు తడవని గడప ఈనాడు మునగవచ్చు.

లెక్కకూ హద్దు ఉంది. తుపాను దారి కాస్త మళ్లినా మునిగే ఊళ్లు మారిపోతాయి. కిందటిసారి హెచ్చరించారు, నీరు రాలేదు కదా అని ఇంట్లో కూర్చోవడం ప్రమాదం.

కనుక తుపాను ఎక్కడ తీరం దాటుతుందో విని ఊరుకోకండి. మీవాళ్ల ఊరు దానికి ఏ పక్కన ఉందో చూడండి. కుడిపక్కనైతే వెంటనే ఫోన్ చేసి, చీకటి పడకముందే తుపాను షెల్టరుకు వెళ్లమనండి. కంప్యూటర్ లెక్క కడుతుంది. మనిషిని లేపి నడిపించేది అయినవాళ్ల మాటే.