కిరాయిలు మందగించిన వేళ

సొంత లారీ నడుపుకొను మాకు బండి కదిలిననే కూడు. సరకు లేనినాడు బండి నిలుచును. అప్పు వాయిదా మాత్రము నిలువదు. 2019లో ఈ సంగతి మాకు బాగుగా తెలిసివచ్చినది. అంతకు ముందటి యేడు జూలైలో కేంద్ర ప్రభుత్వము పది టైర్ల లారీకి, బండితో కలిపి, బరువు పరిమితిని 25 టన్నులనుండి 28.5 టన్నులకు పెంచెను. ఒక్కొక్క బండి మోయగలది పెరిగినది. ఇంతలో వ్యాపారము మందగించి మోయవలసినది తగ్గినది.

విజయవాడ ఆటోనగరులో లోడు కొరకు దినములు గడపితిమి. బండి ప్రక్కనే వండుకొంటిమి. కొందరము క్లీనరును ఇంటికి పంపి ఒంటరిగా నడిపితిమి. డీజిలు ఖర్చు వచ్చిన చాలునని లోడెత్తినవారును కలరు. ఖాళీగా మరలి వచ్చునపుడు అది చెల్లును. బయలుదేరునపుడే అట్టి బాడుగకు ఒప్పుకొన్నచో టైర్ల అరుగుదల, టోలు, వాయిదా మన చేతినుండియే పోవును. పైగా నేడు ఒకరు తగ్గించిన బాడుగయే రేపు అందరికిని బాడుగ యగును. కావున కిలోమీటరునకు ఎంత పడునో ముందుగా కాగితముపై లెక్కించుకొనవలెను.

వేగము తగ్గించి డీజిలు పొదుపు చేయవచ్చును. నిద్ర తగ్గించి కాలము పొదుపు చేయరాదు. క్లీనరు లేని బండిలో కన్ను మూతపడినచో లేపువాడుండడు. లారీవారున్న ప్రతి యింటను ఈ మాట చెప్పుకొనవలెనని మా మనవి.